ఆన్‌లైన్ సదస్సు వెబ్‌సైటును ఎక్కడ ఉంచాలి? – నిర్వాహక బృందం చర్చ

సమన్వయకర్త, విజయవాడ

సభ్యులందరికీ నమస్కారం. ఇతర రాష్ట్రాలలోనూ విదేశాలలోనూ పిల్లలకు తెలుగు నేర్పుతున్న ఉపాధ్యాయుల కోసం మనం తలపెట్టిన ఆన్‌లైన్ సదస్సుకు తేదీలు ఖరారయ్యాయి. నవంబరు మొదటి ఆదివారం, దాని ముందు రోజు శనివారం, రెండు రోజులూ భారత కాలమానం ప్రకారం రాత్రి 7 గంటలకు సమావేశాలు మొదలవుతాయి. ఇక తేల్చవలసింది వెబ్‌సైటును ఎక్కడ ఉంచాలన్న విషయం.

అందులో ఉండవలసినవి ఇవి: కార్యక్రమ పట్టిక, వక్తల పరిచయాలు, రిజిస్ట్రేషన్, ప్రత్యక్ష ప్రసారానికి దారి, పిల్లల పద్యపఠన విభాగానికి పేర్ల నమోదు, పాల్గొన్నవారికి ప్రశంసాపత్రాలు, సదస్సు ముగిశాక వీడియోలు, పాఠ్య సామగ్రి. సుమారు మూడు వేల మంది పాల్గొంటారని అంచనా వేసుకున్నాం. వారిలో సగానికి పైగా ఫోనులోనే చూస్తారు. ప్రవేశ రుసుము లేదు, చందాలతోనే నడిపించాలి కాబట్టి ఖర్చు తక్కువగా ఉండాలి. ఇంతవరకు మూడు సూచనలు వచ్చాయి: మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే చోట) వర్డ్‌ప్రెస్ అనే సైటు తయారీ సాఫ్ట్‌వేర్, అన్నీ ఒకేచోట ఇచ్చే ఈవెంట్ ప్లాట్‌ఫాం, ఉచితంగా దొరికే స్టాటిక్ హోస్టింగ్ (ముందే తయారైన ఫైళ్లను మాత్రమే అందించేది). ప్రతి ఒక్కరూ తమ అభిప్రాయాన్ని కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

సర్వర్ కాపరి, హైదరాబాద్

సమన్వయకర్త గారూ, మీరు రాసిన జాబితాలోని పనులన్నీ ఒకే చోట జరగాలని అనుకోవడం వల్లనే ఈ నిర్ణయం కష్టంగా కనిపిస్తోందని నా అభిప్రాయం. వీడియో ప్రసారం యూట్యూబ్‌లో జరుగుతుంది. మన సర్వర్ మీదుగా ఒక్క నిమిషం వీడియో కూడా పోనవసరం లేదు. పట్టిక, పరిచయాలు, పాఠ్య సామగ్రి అందరికీ ఒకేలా కనిపించే పేజీలు. వాటిని ముందే తయారు చేసి ఫైళ్లుగా పెట్టవచ్చు. సమాచారం లోపలికి తీసుకోవలసిన పని ఒక్క రిజిస్ట్రేషన్‌దే. దానిని విడిగా చూసుకుంటే మిగిలిన సైటుకు డేటాబేస్ అవసరమే ఉండదు.

లెక్క కూడా చూద్దాం. ఒక్కో పేజీ ఫోటోలతో కలిపి 1.5 మెగాబైట్లు ఉందనుకుందాం. మూడు వేల మంది ఒక్కొక్కరు పది పేజీలు తెరిచినా మొత్తం 45 గిగాబైట్లు దాటదు. గిట్‌హబ్ పేజెస్ అనే ఉచిత స్టాటిక్ హోస్టింగ్‌లో నెలకు 100 గిగాబైట్ల వరకు వాడుకోవచ్చన్న సూచనాత్మక పరిమితి, మొత్తం సైటు 1 గిగాబైటు మించరాదన్న పరిమితి ఉన్నాయి. మనం ఆ రెండింటికీ లోబడే ఉంటాం. అటువంటిదే అయిన క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో స్టాటిక్ ఫైళ్లకు బ్యాండ్‌విడ్త్ (సైటు నుంచి బయటికి పోయే డేటా మొత్తం) లెక్కే లేదు. కాకపోతే ఒక్కో ఫైలు 25 మెగాబైట్లు మించకూడదు. పాఠ్యపుస్తకాల స్కాన్ పీడీఎఫ్‌లు పెట్టదలిస్తే ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

నెల మొత్తం మీద ఎంత రద్దీ ఉంటుందన్నదాని కంటే, తలుపులు తెరిచే ఐదు నిమిషాలలో ఎంత ఉంటుందన్నది ముఖ్యం. 2021 ఏప్రిల్ 28న సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్లు దాటినవారికి టీకా నమోదు మొదలైనప్పుడు కోవిన్ సైటు తొలి నిమిషాలలో ఎంతోమందికి తెరుచుకోలేదు. మనది అంత పెద్ద పని కాదు గానీ స్వభావం అదే. రాత్రి 7 గంటలకు మూడు వేల మంది ఐదు నిమిషాలలో వచ్చారంటే సెకనుకు పది మంది వచ్చినట్టు, ఒక్కొక్కరి కోసం ఇరవై ముప్పై ఫైళ్లు పంపవలసి వచ్చినట్టు. ప్రతి పేజీని పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషతో, డేటాబేస్‌తో అప్పటికప్పుడు తయారుచేసే చౌక సర్వర్‌కు ఇది భారమే. తయారుగా ఉన్న ఫైళ్లను అందించే వ్యవస్థకు ఏమాత్రం భారం కాదు.

బడి నిర్వాహకురాలు, ఫ్రిస్కో

కాపరి గారి లెక్కలను నేను కాదనడం లేదు. అయితే ఈ సైటులో రోజూ మార్పులు చేయవలసినవారు ఉపాధ్యాయులు. ఒక వక్త సమయం మార్చమంటారు, ఇంకొకరు పరిచయంలో ఊరి పేరు సరిచేయమంటారు, పద్యపఠనంలో కొత్త విభాగం చేరుతుంది. ఇటువంటి ప్రతి మార్పు కోసం సాంకేతిక బృందంలో మేలుకొని ఉన్న ఒక్కరి కోసం ఎదురుచూడవలసి వస్తే సదస్సు వారంలో పని ఆగిపోతుంది. వర్డ్‌ప్రెస్ అయితే లాగిన్ అయి మాకు మేమే మార్చుకోగలం. తెలుగులో టైపు చేసి ప్రచురించడం మా అందరికీ అలవాటైన పనే.

ఇంకొక విషయం కూడా చెప్పాలి. మనం ఎంచుకున్న తేదీలలోనే అమెరికాలో గడియారాలు గంట వెనక్కి మారుతాయి. శనివారం భారత కాలమానం రాత్రి 7 గంటలంటే టెక్సాస్‌లో ఉన్న మాకు ఉదయం 8:30. ఆదివారం అదే 7 గంటలు మాకు 7:30 అవుతుంది. జర్మనీలో ఆ మార్పు అక్టోబరు చివరి ఆదివారమే జరిగిపోయి ఉంటుంది. పట్టికలో ఒకే సమయం ముద్రించి ఊరుకుంటే ఆదివారం తొలి సమావేశానికి అమెరికా ఉపాధ్యాయులు గంట ఆలస్యంగా వస్తారు. చూస్తున్నవారి ఊరి సమయాన్ని సైటే చూపించగలగాలి. ఎక్కడ పెట్టినా సరే, ఈ సౌకర్యం లేని సైటు మాకు పనికిరాదు.

తెనాలి వెబ్

వర్డ్‌ప్రెస్ మంచిదే. నేను జీవనోపాధిగా చేసేది ఆ పనే. అయితే షేర్డ్ హోస్టింగ్‌లో 'అన్‌లిమిటెడ్' అని రాసి అమ్మే పథకాలలో నిజమైన పరిమితులు వేరే చోట ఉంటాయి. డిస్కు, బ్యాండ్‌విడ్త్ అపరిమితమని చెబుతారు గానీ, ఏకకాలంలో నడిచే ప్రాసెస్‌లకూ, సీపీయూకూ, ఫైళ్ల సంఖ్యకూ గట్టి హద్దులు పెడతారు. ఆ హద్దు తాకగానే సందర్శకులకు '508 వనరుల పరిమితి ముగిసింది' అన్న పేజీ కనిపిస్తుంది. ఒక సాహిత్య సభకు నేను చేసిన సైటులో ప్రారంభోపన్యాసం వేళకే అది జరిగింది. హోస్టింగ్ సంస్థను అడిగితే పెద్ద పథకానికి మారమన్నారు. కాష్ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాం) పెట్టి, ప్రతి పేజీకి ముందే తయారైన నకలును అందించేలా చేస్తే చాలావరకు తట్టుకుంటుంది. కానీ లాగిన్ చేసినవారికీ, ఫారం నింపుతున్నవారికీ ఆ నకలు పనిచేయదు. మన రద్దీ అంతా అటువంటిదే అయితే కాష్ వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు.

అంతకంటే పెద్ద చిక్కు సదస్సు ముగిశాక మొదలవుతుంది. అప్పటివరకు రోజూ చూసుకున్న బృందం విడిపోతుంది, ప్లగిన్లను అప్‌డేట్ చేసేవారు ఉండరు. పాత ప్లగిన్‌లోని ఏదో ఒక లొసుగు ద్వారా ఎవరో చొరబడి వందలకొద్దీ దొంగ పేజీలు పెడతారు. గూగుల్‌లో సదస్సు పేరు వెతికితే జపనీస్ అక్షరాలతో వస్తువుల అమ్మకాల పేజీలు కనిపించడం నేను చాలా సైట్లలో చూశాను. సదస్సులకు, ఉత్సవాలకు చేసే సైట్లే దీనికి ఎక్కువగా గురవుతాయి, ఎందుకంటే వాటికి యజమాని అంటూ తర్వాత మిగలడు. వర్డ్‌ప్రెస్‌నే ఎంచుకుంటే సదస్సు అయిన నెలలోపు 'సింప్లీ స్టాటిక్' వంటి ప్లగిన్‌తో మొత్తం సైటును మామూలు ఫైళ్లుగా మార్చి, వర్డ్‌ప్రెస్‌ను తీసివేయాలని ఇప్పుడే రాసుకోవాలి.

మస్కట్ మాస్టారు

ఇన్ని తలనొప్పులు మనకెందుకు? రిజిస్ట్రేషన్, పట్టిక, ప్రసారం, ప్రశంసాపత్రం అన్నీ కలిపి ఇచ్చే ఈవెంట్ ప్లాట్‌ఫాంలు ఉన్నాయి కదా. డబ్బు కట్టి ఒక నెలకు తీసుకుంటే సరిపోతుంది. మన శక్తి అంతా పాఠాల మీద పెట్టవచ్చు.

గ్రంథపాలకుడు, రాజమహేంద్రవరం

మాస్టారు గారి ఆలోచనలో సౌలభ్యం ఉంది గానీ, ఒక నెలకు తీసుకుంటే ఒక నెల తర్వాత ఏమవుతుందో కూడా ఆలోచించాలి. ఈ సదస్సు విలువ ఆ రెండు సాయంత్రాలలో కంటే ఆ తర్వాతే ఎక్కువగా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. సిడ్నీలో ఉన్న ఉపాధ్యాయురాలికి మన రాత్రి 7 గంటలంటే అర్ధరాత్రి దాటి 12:30. ఆమె ప్రత్యక్షంగా చూడలేదు. రెండేళ్ల తర్వాత కొత్తగా బడి పెట్టుకునే వ్యక్తి ఈ పాఠ్య సామగ్రి కోసమే వెతుక్కుంటూ వస్తారు. వారికి ఆ చిరునామా పనిచేయాలి.

ఇతరుల ఆవరణలో పెట్టిన తెలుగు ఎలా పోతుందో మనం చూశాం. ఉచితంగా సొంత పేజీలు పెట్టుకోనిచ్చిన జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడింది. ఈమెయిల్ చర్చా బృందాలు నడిపిన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న మూతపడింది. అందులో ఏళ్ల తరబడి సాగిన తెలుగు చర్చలలో ఎవరో ఒకరు ముందుచూపుతో దింపుకొన్నవే మిగిలాయి. మరోవైపు 1998లో మొదలైన 'ఈమాట' పత్రిక పాత సంచికలను ఇప్పటికీ దాని సొంత చిరునామాలోనే చదువుకుంటున్నాం. మధ్యలో తెలుగు లిపిని కంప్యూటర్‌లో రాసే పద్ధతే మారిపోయినా అవి నిలిచాయి. సొంత చిరునామా ఉండటం, దానిని చూసుకునే మనుషులు ఉండటం రెండూ కలిస్తేనే అది సాధ్యమైంది.

ఫోస్‌డెమ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమావేశం ప్రతి ఏటా బ్రసెల్స్‌లో జరుగుతుంది. 2021లో అది పూర్తిగా ఆన్‌లైన్‌లో, మ్యాట్రిక్స్ అనే సంభాషణ వ్యవస్థ ఆధారంగా జరిగింది. ఆ సంభాషణ గదులు ఎటుపోయినా, ఆ ఏడాది కార్యక్రమ పట్టిక, ప్రసంగాల పేజీలు సంవత్సరం పేరుతో ఉన్న చిరునామాలో భద్రంగా ఉన్నాయి. మనం కూడా చిరునామాలో సంవత్సరాన్ని చేర్చి, వచ్చే ఏడాది సదస్సుకు కొత్త పేజీలు పెట్టినా పాతవి కదలకుండా చూడాలని నా కోరిక. ప్లాట్‌ఫాం తీసుకుంటే కనీసం మన సమాచారాన్నంతా ఒకేసారి దింపుకొనే వీలు ఉందో లేదో ముందే అడగాలి. లేదంటే అది నాకు సమ్మతం కాదు.

సర్వర్ కాపరి, హైదరాబాద్

ఫ్రిస్కో నిర్వాహకురాలి గారి అభ్యంతరం న్యాయమైనది. దానికి జవాబు లేకుండా స్టాటిక్ సైటు వైపు వెళ్లడం తగదు. నేను ఆలోచించిన మార్గం ఇది. కార్యక్రమ పట్టిక, వక్తల పరిచయాలు ఒక పంచుకున్న స్ప్రెడ్‌షీట్‌లో ఉంటాయి. సమావేశం పేరు, వక్త, ప్రారంభ సమయం, పరిచయం, ఫోటో పేరు, ఇలా ఒక్కో గడిలో ఒక్కో అంశం. ఉపాధ్యాయులు ఆ షీటునే మారుస్తారు. ఒక చిన్న ప్రోగ్రాం ఆ షీటును చదివి పేజీలను మళ్లీ తయారుచేస్తుంది. తయారీలో తప్పు దొరికితే, ఉదాహరణకు సమయం గడిలో తేదీ లేకపోతే, పాత పేజీ అలాగే ఉంటుంది, మాకు కబురు వస్తుంది.

ఎన్నిసార్లు తయారుచేయవచ్చు అన్నది హోస్టింగ్‌ను బట్టి ఉంటుంది. గిట్‌హబ్ పేజెస్ గంటకు పది సార్లు అన్న సూచన ఇస్తోంది. పదిహేను నిమిషాలకొకసారి చేసినా అందులో ఇముడుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ ఉచిత పథకంలో నెలకు 500 తయారీలు మాత్రమే. రోజుకు 96 చొప్పున చేస్తే వారం లోపే అయిపోతాయి. అందువల్ల షీటులో నిజంగా మార్పు జరిగినప్పుడే తయారుచేసేలా రాస్తాను. సమయం విషయానికి వస్తే, ప్రతి సమావేశానికి ప్రపంచ ప్రామాణిక సమయాన్ని (యూటీసీ) పేజీలో దాచి ఉంచితే చాలు, చూసేవారి బ్రౌజరే వారి ఊరి సమయంగా మార్చి చూపుతుంది. గడియారాలు మారే ఆదివారం కూడా అది తప్పు చెప్పదు. దీనికి సర్వర్ అక్కరలేదు.

బడి నిర్వాహకురాలు, ఫ్రిస్కో

షీటు ద్వారా మార్చే పద్ధతి అయితే నాకు సమ్మతమే. ఒక నమూనా షీటు ఇస్తే మా బడిలోని నలుగురితో వారం రోజులు వాడించి చూస్తాను. అయితే ప్రతి గడిలో ఏమి రాయాలో తెలుగులో ఒక వాక్యం ఉండాలి.

న్యాయ సలహాదారు, హైదరాబాద్

హోస్టింగ్ గురించి మాట్లాడుతున్నప్పుడు 'సమాచారం భారతదేశంలోనే ఉండాలి, అది చట్టం' అని కొందరు సభ్యులు ఫోన్‌లో నాతో అన్నారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఆ మాట చెప్పడం లేదు. కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిషేధించిన దేశాలకు తప్ప ఇతర దేశాలకు సమాచారం పంపడానికి ఆ చట్టం అనుమతిస్తుంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. కాబట్టి సర్వర్ ఏ దేశంలో ఉందన్న దానికంటే ఎవరి సమాచారం తీసుకుంటున్నాం, ఎందుకు తీసుకుంటున్నాం, ఎప్పుడు తుడిచేస్తాం అన్నవే మనల్ని ఎక్కువగా పట్టి ఉంచే ప్రశ్నలు.

ఇక్కడ పద్యపఠన విభాగం నన్ను కలవరపెడుతోంది. ఈ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి నిర్ధారించగలిగే రీతిలో ఉండాలి. పిల్లల విషయంలో బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు విధించే అవకాశాన్ని చట్టం కల్పించింది. మనవంటి చిన్న బృందంపై అంతటి జరిమానా పడుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. చట్టం ఆ విషయాన్ని ఎంత తీవ్రంగా చూస్తోందో చెప్పడానికే రాశాను. జర్మనీ వంటి దేశాలలో పిల్లలు స్వయంగా సమ్మతి తెలపడానికి 16 ఏళ్లు నిండాలి.

అందువల్ల నా సలహా ఇది. పద్యపఠనానికి పిల్లల పేర్లను మనం నమోదు చేసుకోవద్దు. తల్లి లేదా తండ్రి తమ పేరుతో, తమ ఈమెయిల్‌తో నమోదు చేసుకుంటారు. పిల్లల విషయంలో తరగతి స్థాయి, చదవబోయే పద్యం మాత్రమే రాస్తారు. పుట్టినతేదీ, బడి పేరు, ఫోటో అడగవద్దు. వీడియోను బహిరంగంగా ఉంచడానికి వేరే సమ్మతి తీసుకోవాలి, వద్దన్నవారి భాగాన్ని తొలగించాలి. సదస్సు ముగిసిన మూడు నెలలలో రిజిస్ట్రేషన్ జాబితా మొత్తాన్ని తుడిచేస్తామని సైటులోనే రాసి, ఆ మాట నిలబెట్టుకోవాలి. అడగని సమాచారాన్ని ఎవరూ దొంగిలించలేరు.

మ్యూనిఖ్ తెలుగు

ఐరోపా సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న జాగ్రత్త చెబుతాను. 2022 జనవరిలో ఇక్కడి మ్యూనిఖ్ ప్రాంతీయ న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. ఒక సైటు తన పేజీలలో అక్షరాలను గూగుల్ ఫాంట్స్ సర్వర్ నుంచి తెప్పించడం వల్ల సందర్శకుడి ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో అతని కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) అతని అనుమతి లేకుండా గూగుల్‌కు చేరిందని చెప్పి 100 యూరోల పరిహారం విధించింది. ఆ తర్వాత ఇక్కడ చాలా సంస్థలు ఖతులను (ఫాంట్లను) తమ సైటులోనే పెట్టుకున్నాయి. తెలుగు ఖతులు స్వేచ్ఛా లైసెన్సులో దొరుకుతాయి కాబట్టి మనమూ అలాగే చేయవచ్చు.

నిజానికి చాలామందికి ఆ ఖతి కూడా అక్కరలేదు. ఆండ్రాయిడ్‌లో నోటో, విండోస్‌లో నిర్మలా లేదా గౌతమి, ఆపిల్ పరికరాలలో కోహినూర్ తెలుగు ముందే ఉంటాయి. ఒత్తులు, గుణింతాల కలయికల కోసం వందలాది రూపాలు మోసే తెలుగు ఖతి ఆంగ్ల ఖతి కంటే చాలా బరువు. శీర్షికలకు మాత్రం ఒక అందమైన ఖతి పెట్టుకొని, వ్యాసాలకు పరికరంలోని ఖతినే వాడితే పల్లెలోని ఫోనులో కూడా పేజీ త్వరగా తెరుచుకుంటుంది.

అక్షరశాల, గుంటూరు

ప్రశంసాపత్రాల గురించి ఎవరూ రాయలేదు. తెలుగు సదస్సులలో ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది వాటి మీదే. పేరు తెలుగులో ఇవ్వమంటాం, పీడీఎఫ్‌లో అది 'కృష్ణ'కు బదులు విడిపోయిన ముక్కలుగా వస్తుంది. కారణం ఏమిటంటే, తెలుగులో అక్షరాలను వరుసగా పేర్చితే చాలదు. క, వట్రుసుడి, ష, ణ వత్తు ఇవన్నీ కలిసి ఏ రూపం దాల్చాలో ఖతిలోని నియమాలు చదివి నిర్ణయించే యంత్రాంగం కావాలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లలో హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది. షేర్డ్ హోస్టింగ్‌లో సాధారణంగా వాడే టీసీపీడీఎఫ్, డామ్‌పీడీఎఫ్ వంటి పీడీఎఫ్ తయారీ ప్రోగ్రాములు ఆ పని చేయవు. వర్డ్‌ప్రెస్ ప్రశంసాపత్రాల ప్లగిన్లు చాలావరకు వాటినే వాడతాయి. ఎంపీడీఎఫ్ భారతీయ లిపులను కలపగలదు గానీ దానిని సరిగా అమర్చుకోవాలి.

దీనికి సులువైన మార్గం ఉంది, అది స్టాటిక్ సైటులోనే కుదురుతుంది. ఒక ప్రశంసాపత్రం పేజీ చేసి, పాల్గొన్నవారు తమ పేరు తామే టైపు చేసుకొని, బ్రౌజర్‌లోని 'ప్రింట్' ద్వారా పీడీఎఫ్‌గా దాచుకొనేలా చేస్తే, అక్షరాలను బ్రౌజరే సరిగా కలుపుతుంది. పేరు మన సర్వర్‌కు రానే రాదు. న్యాయ సలహాదారు గారు చెప్పిన నియమం కూడా దానంతట అదే నెరవేరుతుంది. ఎవరైనా వేరే పేరు రాసుకోవచ్చు కదా అని అడగవచ్చు. పాల్గొన్నందుకు ఇచ్చే పత్రానికి నేను అంత కాపలా అవసరమని అనుకోను. వక్తలకు, బహుమతి పొందిన పిల్లలకు మాత్రం మేమే తయారుచేసి, చూసి, పంపుతాం.

మస్కట్ మాస్టారు

ప్లాట్‌ఫాంలో ఈ ప్రశంసాపత్రాల సంగతి నాకు తట్టలేదు. తెలుగు సరిగా రాని పత్రాన్ని తెలుగు ఉపాధ్యాయులకు ఇవ్వలేం. నా సూచన విరమించుకుంటున్నాను.

నెట్‌వర్క్ ఇంజనీరు, డల్లాస్

సర్వర్ ఏ దేశంలో ఉండాలన్నదానికి చట్టం వైపు నుంచి జవాబు వచ్చింది. దూరం వైపు నుంచి నేను చెబుతాను. కాంతి గాజు తీగలో సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి వర్జీనియాకు రమారమి 13,000 కిలోమీటర్లు. అంటే వెళ్లి రావడానికి సిద్ధాంతపరంగానే 130 మిల్లీసెకన్లు, వాస్తవంలో 200 పైనే. ఒక పేజీ తెరవడానికి ఇటువంటి ప్రయాణాలు చాలా జరుగుతాయి. ఒకే సర్వర్ పెట్టుకుంటే దానిని ఇండియాలో పెట్టినా అమెరికాలో పెట్టినా సగం మందికి అన్యాయమే. పేజీల నకళ్లను అనేక నగరాలలో ఉంచి దగ్గరి నుంచి అందించే సీడీఎన్ ఉంటే ఈ ప్రశ్న తలెత్తదు. స్టాటిక్ హోస్టింగ్ సంస్థలు ఉచితంగా ఇచ్చే మేలు ఇదే. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో, జెద్దా సమీపంలో కేబుళ్లు తెగినప్పుడు భారతదేశం నుంచి పడమటి వైపు వెళ్లే రాకపోకలు మందగించాయి. అటువంటి వేళ కూడా దగ్గరి నకలు ఉన్నవారికి పేజీ తెరుచుకుంటుంది.

అయితే ఏ సంస్థా ఎప్పటికీ ఆగిపోదని నమ్మకూడదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ సంస్థ డేటా కేంద్రం ఒకటి కాలిపోయింది. బ్యాకప్‌ను కూడా అదే ఆవరణలో ఉంచుకున్నవారిలో కొందరు సమస్తం పోగొట్టుకున్నారు. 2025 అక్టోబరు 20న అమెజాన్ ఉత్తర వర్జీనియా కేంద్రంలో అంతరాయం వచ్చి ఎన్నో సేవలు నిలిచిపోయాయి. అదే ఏడాది నవంబరు 18న క్లౌడ్‌ఫ్లేర్‌లో గంటల తరబడి అంతరాయం కలిగింది. ఆ రోజు ఆ సంస్థ నియంత్రణ ప్యానెల్ కూడా చాలామందికి తెరుచుకోకపోవడంతో, వేరే చోటికి మళ్లించుకుందామన్నా వీలు కాలేదు.

అందుకని డొమైన్‌నూ (సైటు చిరునామా పేరునూ), ఆ పేరు ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే డీఎన్ఎస్‌నూ హోస్టింగ్ ఇచ్చే సంస్థ దగ్గర పెట్టవద్దు. మూడో చోట పెట్టి, సైటు రెండు నకళ్లను రెండు వేర్వేరు హోస్టింగ్‌లలో సిద్ధంగా ఉంచాలి. సదస్సుకు రెండు రోజుల ముందు డీఎన్ఎస్ గడువును (దాని జవాబును ఇతర సర్వర్లు దాచుకునే సమయాన్ని) 300 సెకన్లకు తగ్గిస్తే, అవసరమైనప్పుడు ఐదారు నిమిషాలలో చాలావరకు రెండో నకలుకు మళ్లించవచ్చు. 2014 డిసెంబరులో ప్రభుత్వ ఆదేశంతో భారతదేశంలో 32 సైట్లను నిలిపివేసినప్పుడు గిట్‌హబ్, సైట్లు తయారుచేసుకోనిచ్చే వీబ్లీ, పాత వెబ్ పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటివి కూడా అందులో చేరాయి. వీబ్లీ ఇచ్చిన ఉప చిరునామానే తమ చిరునామాగా పంచుకున్నవారికి అప్పుడు వేరే దారి లేదు. సొంత డొమైన్ ఉంటే కదలగలం.

కోశాధికారి, విశాఖపట్నం

చర్చ అంతా చదివాను. మొత్తం ఖర్చు ఎంత? ఎవరి పేరున బిల్లు వస్తుంది? సదస్సు తర్వాత ప్రతి ఏడాది కట్టవలసింది ఏమిటి? ఈ మూడూ తెలియకుండా నేను ఆమోదించలేను.

సర్వర్ కాపరి, హైదరాబాద్

కోశాధికారి గారూ, స్టాటిక్ హోస్టింగ్ రెండు చోట్లా ఉచితమే. సైటుకు సురక్షిత కనెక్షన్ కోసం కావలసిన హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లు కూడా వాటితోనే వస్తాయి. ప్రతి ఏడాది తప్పనిసరిగా కట్టవలసింది డొమైన్ రుసుము ఒక్కటే. డొమైన్‌ను ఒకేసారి గరిష్ఠంగా పదేళ్ల వరకు కట్టుకోవచ్చు, మనం ఐదేళ్లకు కడదామని నా సూచన. అది వ్యక్తి పేరున కాక మన సంఘం పేరున, సంఘం ఈమెయిల్‌తో ఉండాలి. పాస్‌వర్డు కనీసం ముగ్గురి దగ్గర ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకుంటే నెలకు ఆరు డాలర్ల వరకు అవుతుంది. బెంగళూరులో ఉండేది దొరుకుతుంది, మూడు నాలుగు నెలల తర్వాత మూసేయవచ్చు.

రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ ఈమెయిళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద సంఖ్యలో ఈమెయిళ్లు పంపేవారికి నిబంధనలు కట్టుదిట్టం చేశాయి. గూగుల్ లెక్కలో రోజుకు సుమారు ఐదు వేలు పంపితేనే అన్ని నిబంధనలూ వర్తిస్తాయి గానీ, ఉత్తరం నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం వంటి నమోదులు డీఎన్ఎస్‌లో లేని డొమైన్ నుంచి వచ్చిన ఉత్తరం తక్కువ సంఖ్యలో పంపినా స్పామ్‌లోకి పోయే ప్రమాదం ఉంది. కొత్త డొమైన్ నుంచి మొదటి రోజే మూడు వేల ఉత్తరాలు పంపకూడదు. రిజిస్ట్రేషన్ నెల ముందే తెరిస్తే ఉత్తరాలు రోజూ కొన్ని చొప్పున సహజంగానే వెళతాయి.

సమన్వయకర్త, విజయవాడ

అందరి వాదనలూ రెండు సార్లు చదివి, కార్యవర్గంలో చర్చించి ఈ నిర్ణయానికి వచ్చాం. సైటు స్టాటిక్ పేజీలుగానే ఉంటుంది. మొదటి నకలు గిట్‌హబ్ పేజెస్‌లో, రెండోది క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో ఉంటాయి. డొమైన్, డీఎన్ఎస్ ఈ రెండింటికీ సంబంధం లేని మూడో సంస్థలో, సంఘం పేరున ఐదేళ్లకు తీసుకుంటాం. '.ఇన్' చిరునామా ప్రధానంగా ఉంటుంది. '.భారత్' కింద తెలుగు అక్షరాల చిరునామా కూడా తీసుకొని దీనికి మళ్లిస్తాం. కొన్ని యాప్‌లు తెలుగు చిరునామాను ఇప్పటికీ నొక్కదగిన లింకుగా గుర్తించడం లేదు కాబట్టి దానినే ప్రధానం చేసే ధైర్యం చేయలేదు. గిట్‌హబ్ పేజెస్‌ను వ్యాపారానికి వాడకూడదన్న నియమం ఉంది. మనకు టికెట్ల అమ్మకం లేదు కనుక ఇబ్బంది లేదు. చందాల కోసం చెల్లింపు పేజీని మాత్రం ఈ సైటులో పెట్టం.

తెనాలి వెబ్ గారు అభ్యంతరం చెప్పవచ్చు, వర్డ్‌ప్రెస్‌ను కాష్‌తో నడిపి తర్వాత ఫైళ్లుగా మార్చుకోవచ్చు కదా అని. తర్వాత చేద్దామనుకున్న పనిని సదస్సు అలసటలో ఎవరూ చేయరన్న అనుభవమే మమ్మల్ని వెనక్కు లాగింది. మొదటి నుంచే ఫైళ్లుగా ఉంటే ఆ పని మిగలదు. రిజిస్ట్రేషన్‌కు బెంగళూరులోని చిన్న సర్వర్ తీసుకుంటాం. పెద్దల పేరు, ఈమెయిల్, దేశం మాత్రమే అడుగుతాం. పిల్లల విభాగంలో సలహాదారు గారు రాసినట్లే తల్లిదండ్రులు నమోదు చేసుకుంటారు. జనవరి చివరి నాటికి ఆ సర్వర్‌ను, జాబితాను తుడిచేసి, ఆ విషయాన్ని ఇక్కడ ప్రకటించే బాధ్యత కోశాధికారి గారిది. ప్రత్యక్ష ప్రసారం ఫ్రేమును పేజీలో నేరుగా పెట్టకుండా ఒక బొమ్మ పెడతాం, నొక్కినప్పుడే వీడియో వస్తుంది. కొత్త ఛానెల్‌లో ప్రసార అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు కనుక ఆ పని ఈ వారమే మొదలుపెట్టాం.

గ్రంథపాలకుడు గారు కోరినట్లు ప్రతి పేజీ చిరునామాలో సంవత్సరం ఉంటుంది. సదస్సు ముగిసిన వారంలోనే మొత్తం సైటును ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరచి, పాఠ్య సామగ్రి ప్రతిని రెండు హార్డు డిస్కులలో రాజమహేంద్రవరానికి, ఫ్రిస్కోకు పంపుతాం. వీడియోల అసలు ఫైళ్లు కూడా అందులోనే ఉంటాయి, యూట్యూబ్‌లో ఉన్నాయి కదా అని వదిలేయం.

తెనాలి వెబ్

నాకు అభ్యంతరం లేదు. రెండో నకలుకు మళ్లించే పనిని అక్టోబరులో ఒకసారి నిజంగా చేసి చూద్దాం. ఒక ఆదివారం రాత్రి 7 గంటలకు మొదటి నకలును కావాలని ఆపి, ఎన్ని నిమిషాలకు ఏ ఊరిలో సైటు తిరిగి కనిపించిందో విజయవాడ, మస్కట్, మ్యూనిఖ్, ఫ్రిస్కో, సిడ్నీ సభ్యులు ఇక్కడే రాయాలి. మళ్లించే పని నేను చేస్తాను.

బడి నిర్వాహకురాలు, ఫ్రిస్కో

మా వైపు నుంచి నేను ఉంటాను, మాకు అప్పుడు ఉదయం 8:30. నమూనా షీటు మాత్రం అంతకు ముందే పంపండి, అదే రోజు ఉపాధ్యాయుల చేత ఒక సమావేశం వేళను మార్పించి, అది రెండు నకళ్లలోనూ కనిపించిందో లేదో చూస్తాం.